కెంప్లీ చర్చి బొమ్మలు: ఒక సున్నపు గోడ కేస్ స్టడీ

ఇంగ్లండ్ పశ్చిమ భాగంలో, గ్లోస్టర్‌షైర్ కౌంటీ హెరెఫర్డ్‌షైర్‌ను తాకే చోట, కెంప్లీ అనే పల్లె ఉంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిని 12వ శతాబ్దం మొదటి సగంలో కట్టారు. లోపల తూర్పు గది గోడల మీదా కప్పు మీదా అప్పుడు వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఆ కాలపు గోడ బొమ్మల్లో ఇంత నిండుగా మిగిలినవి చాలా కొద్ది. పెద్ద కథీడ్రల్‌లోనో రాజు కోటలోనో మిగిలి ఉంటే ఆశ్చర్యపోనవసరం లేదు. ఇవి మిగిలింది పొలాల మధ్య, ఊళ్ళో ఇళ్ళకు కూడా దూరంగా ఉన్న ఒక చిన్న చర్చిలో.

గోడ బొమ్మల సంరక్షణ నా వృత్తి. పని ఎక్కువగా రాయలసీమ గుళ్ళలో. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను ముందు చెప్పే కేసు మాత్రం కెంప్లీదే. కారణం ఉంది. గోడ బొమ్మకు జరగగలిగినవన్నీ ఈ ఒక్క చర్చిలో జరిగాయి. ఒక గదిలో తడి సున్నం మీద వేశారు, పక్క గదిలో ఆరిన సున్నం మీద వేశారు. అన్నిటినీ ఒకసారి సున్నం కొట్టి కప్పేశారు. మూడు వందల ఏళ్ళ తర్వాత గీకి బయటికి తీశారు. కాపాడాలనే మంచి ఉద్దేశంతో పైన లక్క వార్నిష్ పూశారు. అది నల్లబడింది. దాన్ని తీశారు. ఇప్పుడు వీలైనంత వరకు ముట్టుకోకుండా ఉంచుతున్నారు. ఒకే కప్పు కింద, ఒకే వాతావరణంలో ఇన్ని పద్ధతుల ఫలితాలను పక్కపక్కన చూసే అవకాశం మా వృత్తిలో అరుదుగా దొరుకుతుంది.

కట్టడం

ప్లాన్ చాలా సరళం. ప్రార్థనకు వచ్చినవాళ్ళు నిలబడే పొడవాటి గది నేవ్. దానికి తూర్పున, పూజాపీఠం ఉండే చిన్న గది చాన్సెల్. మన ముఖమండపం, గర్భాలయం వరస గుర్తొస్తుంది. రెండిటి మధ్య చెక్కడపు పని ఉన్న గుండ్రని రాతి కమాను. దాని మీద నార్మన్ శిల్పులకు (నార్మన్లు అంటే ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి అప్పట్లో ఇంగ్లండ్‌ను ఏలినవాళ్ళు) ఇష్టమైన వంకర గీతల నగిషీ ఉంటుంది. కిటికీలు చిన్నవి, గోడలు మందమైనవి. బయట నేవ్‌కీ చాన్సెల్‌కీ లేత గులాబీ ఛాయ పూత కనబడుతుంది.

నేవ్ కప్పు కలపతో చేసింది. ఆ దూలాల వయసును చెట్టు వలయాల లెక్కతో తేల్చారు. 1120, 1150 మధ్య నరికిన చెట్లవని తెలిసింది. ఇంగ్లండ్‌లో ఇంకా తన చోట తాను నిలిచి ఉన్న కలప కప్పుల్లో అతి పాతవాటి సరసన దీన్ని చేర్చుతారు. పడమటి తలుపు చెక్క కూడా దాదాపు అదే కాలానిది. అన్నేళ్ళు తలుపు ఎలా నిలిచింది? దానికి జవాబు బురుజులో ఉంది. పడమటి వైపు బురుజు తర్వాతి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టినది. అది పాత పడమటి వాకిలిని తన లోపల పెట్టేసుకుంది. ఆ రోజు నుంచి ఆ తలుపు మీద వాన పడలేదు, ఎండ పడలేదు.

దక్షిణ వాకిలి కథ కూడా ఇలాంటిదే. ఆ వాకిలి పైన అర్ధచంద్రాకారపు రాయి మీద జీవవృక్షం చెక్కి ఉంది. పక్కనున్న డిమాక్ ఊరి చర్చిలో కూడా ఇలాంటి చెట్టే ఉంటుంది. ఈ చుట్టుపక్కల పని చేసిన శిల్పుల ధోరణిని ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. 14వ శతాబ్దంలో ఆ వాకిలి ముందు ఒక కలప వసారా వేశారు. మెత్తటి ఇసుకరాయి మీది చెక్కడం ఇంకా చదవగలిగేలా ఉండడానికి ఆ వసారా నీడ బాగా సాయపడింది. అది వేసినవాళ్ళకు శిల్పాన్ని కాపాడాలనే ఆలోచన ఉండి ఉండకపోవచ్చు. వానలో నిలబడ్డ జనం తడవకూడదనుకుని ఉంటారు. కట్టడాన్ని చదివేటప్పుడు ఇలాంటివి నేను ముందుగా గుర్తు పెట్టుకుంటాను. ఏది మిగిలిందో చూశాక, దాని మీద పడాల్సిన నీళ్ళను ఏది ఆపిందో వెతుకుతాను.

చాన్సెల్ దగ్గరకు వస్తే అసలు విషయం మొదలవుతుంది. దాని కప్పు రాతి కమాను. గొట్టాన్ని నిలువునా సగానికి కోసి బోర్లించినట్టు గది పొడవునా సాగుతుంది. ఇలాంటి కమాను పక్కగోడల్ని బయటికి తోస్తుంది కాబట్టి గోడలు మందంగా కట్టాలి, కిటికీలు చిన్నవిగా ఉంచాలి. మందపు గోడ నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లబడుతుంది. చిన్న కిటికీ ఎండను లోపలికి ఎక్కువ రానివ్వదు. పైగా కమాను నేరుగా వాన కింద లేదు, దాని పైన వాలు కప్పు ఇంకొకటి ఉంది. చిత్రకారుడు వచ్చేసరికే కట్టినవాళ్ళు అతనికి స్థిరమైన, నీడపట్టున ఉన్న ఒక గోడను సిద్ధం చేసి పెట్టారు.

చాన్సెల్ బొమ్మలు

కమాను కప్పు నడిమధ్యలో క్రీస్తు ఇంద్రధనుస్సు మీద కూర్చుని ఉంటాడు. చుట్టూ కాంతి వలయం. కుడి చెయ్యి ఆశీర్వదిస్తూ పైకెత్తి ఉంటుంది, ఎడమ చేతిలో పుస్తకం. ఆయన చుట్టూ సువార్తికుల, అంటే బైబిల్లో క్రీస్తు కథ రాసిన నలుగురి గుర్తులు ఉంటాయి: మనిషి, సింహం, ఎద్దు, గద్ద. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, ఏడు దీపస్తంభాలు కూడా ఉన్నాయి. సెరాఫులనే ఆరు రెక్కల దేవదూతలు ఉన్నారు. మరియమ్మ ఉంది, పేతురు ఉన్నాడు. బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథం చదివినవాళ్ళకు ఈ దృశ్యం వెంటనే తెలిసిపోతుంది. సింహాసనం, దాని చుట్టూ ఉన్న జీవులు, దీపాలు అన్నీ అక్కడివే.

ఉత్తర, దక్షిణ గోడల మీద పన్నెండుమంది అపొస్తలులు, అంటే క్రీస్తు ముఖ్య శిష్యులు, కూర్చుని ఉంటారు, ఒక్కో గోడకు ఆరుగురు. అందరి తలలూ పైకి, క్రీస్తు వైపు ఎత్తి ఉంటాయి. నాకు ఈ బొమ్మలన్నిటిలో ఎక్కువ నచ్చేది ఆ మెడల వంపు. ఒక్కొక్కరి మెడా కాస్త అతిగా వెనక్కి వంగి ఉంటుంది. గది వెడల్పు తక్కువ కాబట్టి కింద నిలబడ్డ మనం కూడా కప్పును చూడాలంటే అలాగే మెడ ఎత్తాలి. బొమ్మలో ఉన్నవాళ్ళూ చూసేవాళ్ళూ ఒకే పని చేస్తారు. వేసినవాడు ఆ గదిలో నిలబడి, ఆ కొలతలు కంటితో చూసుకుని వేశాడు. ఎక్కడో వేసిన నమూనాను తెచ్చి గోడ మీద అతికిస్తే ఇది కుదరదు.

కిటికీల పైన గోపురాలు, గోడలు ఉన్న ఒక పట్టణం కనిపిస్తుంది. అది పరలోక యెరూషలేము. తూర్పు కిటికీ పక్కన ఒక బిషప్ నిలబడి ఉంటాడు. గోడల తూర్పు చివర్లలో మాత్రం మత గురువులు కాని ఇద్దరు మనుషులున్నారు. తలపై టోపీ, చేతిలో కర్ర ఉన్న యాత్రికులు. ఈ ఊరి మీద అప్పట్లో లేసీ వంశపు నార్మన్ ప్రభువుల అధికారం నడిచేది. చర్చి కట్టించింది కూడా వాళ్ళేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ ఇద్దరూ ఆ వంశం వాళ్ళేనని కూడా అంటారు. అలా అయితే పైనున్న పట్టణం వైపు నడుస్తున్నట్టు తమ వాళ్ళను వేయించుకున్నారన్నమాట. లేపాక్షి కప్పు మీద ఆ గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో దేవుడి ముందు నిలబడ్డ బొమ్మను చూసినవాళ్ళకు ఈ కోరిక కొత్తగా అనిపించదు. డబ్బు పెట్టినవాళ్ళు దేవుడి సన్నిధిలో తమకూ ఒక మూల ఉండాలని కోరుకున్నారు.

రంగులు కొన్నే. ఎర్ర జేగురు, పసుపు మట్టి, సున్నపు తెలుపు, నలుపు, వీటిని కలిపితే వచ్చే ఛాయలు. ఇంత తక్కువ రంగులతో గది ఇంత నిండుగా ఎలా ఉంటుందా అనిపిస్తుంది. కమాను అడుగున, కిటికీ అంచుల్లో వేసిన గళ్ళూ పట్టీలూ ఆ పని చేస్తాయి. ఖాళీగా వదిలిన చోటు దాదాపు ఉండదు. రాయి ఎక్కడ ముగిసి బొమ్మ ఎక్కడ మొదలవుతుందో కొన్ని అంచుల దగ్గర వెంటనే తెలియదు.

తడి సున్నం, పొడి సున్నం

చాన్సెల్ బొమ్మలు ఫ్రెస్కో పద్ధతిలో వేసినవి. గోడకు సున్నం, ఇసుక కలిపిన పూత వేస్తారు. అది ఇంకా తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన మట్టి రంగును దాని మీద పెడతారు. జిగురు ఏమీ కలపరు. పూత ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది. కాల్షియం హైడ్రాక్సైడు కాల్షియం కార్బొనేటుగా మారుతుంది, అంటే మళ్ళీ సున్నపురాయి అవుతుంది. ఆ మార్పు జరిగేటప్పుడు పైకి వచ్చే సున్నపు స్ఫటికాలు రంగు కణాలను తమ మధ్య బిగించేస్తాయి. ఇక రంగు గోడ మీద ఉన్న వేరే పొర కాదు, గోడలో భాగం.

ఈ పద్ధతికి కొన్ని షరతులున్నాయి. సున్నపు ఘాటుకు తట్టుకునే రంగులే వాడాలి. అందుకే మట్టి రంగులు. పూత ఆరేలోపు ఆ మేర పని పూర్తి చేయాలి కాబట్టి పరంజా మీద ఒక్కో పట్టీగా పూత వేసుకుంటూ, బొమ్మ వేసుకుంటూ పోతారు. తప్పు గీస్తే తుడవడం కష్టం. చివర్లో కళ్ళు, వెంట్రుకలు, బట్టల మడతల మీద సన్న గీతలు కొన్నిటిని ఆరిన తర్వాత వేయడం అప్పట్లో మామూలే. కాలం గడిచాక ముందు పోయేవి అవే. పాత ఫ్రెస్కోల్లో ఆకారం గట్టిగా ఉండి, ముఖం ఖాళీగా కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

ఇంగ్లండ్ చెమ్మ వాతావరణం ఇక్కడ మేలు చేస్తుంది. సున్నం కార్బొనేటుగా మారాలంటే కొంత తేమ ఉండాలి. మన దగ్గర మేలో, గాలి కొలిమిలా వీచేటప్పుడు సున్నపు పని చేయించినవాళ్ళకు ఈ టెన్షన్ తెలుసు. నీళ్ళు ముందే ఆవిరై పోయి, సున్నం గట్టిపడకుండా పిండిలా రాలుతుంది. తడి గోనెలు కప్పి, నీళ్ళు చిలకరిస్తూ ఉంటాం. కెంప్లీలో మందపు రాతి గోడ, చల్లని గాలి కలిసి ఆ పనిని తామే చేశాయి.

ఇప్పుడు కమాను దాటి నేవ్‌లోకి రండి. ఇక్కడ చాలా బొమ్మలు ఆరిన సున్నం మీద, జిగురు కలిపిన రంగుతో వేసినవి. వేర్వేరు కాలాల్లో ఒకదాని మీద ఒకటి వేశారు. చాన్సెల్ కమాను పైన, క్రీస్తు ఖాళీ సమాధి దగ్గరికి వచ్చిన ముగ్గురు మరియలు ఉన్నారు. అది 12వ శతాబ్దానిదే. ఉత్తర గోడ మీద 14వ శతాబ్దపు జీవిత చక్రం ఉంది. పెద్ద చక్రం అంచు చుట్టూ చిన్న వలయాలు, వాటిలో పుట్టుక నుంచి చావు దాకా మనిషి దశలు. దేవదూత సెయింట్ మైకేల్ త్రాసులో ఆత్మలను తూస్తున్న బొమ్మ ఒకటి ఉంది. 1170లో కాంటర్‌బరీ కథీడ్రల్‌లో ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపిన ఘట్టం కూడా వేశారు.

జీవిత చక్రం ముందు నిలబడ్డవాళ్ళు ఆకారం పోల్చుకోవడానికి చాలాసేపు చూడాలి. చాన్సెల్ అపొస్తలులను గుమ్మం నుంచే పోల్చుకోవచ్చు. చక్రం వయసు అపొస్తలుల కంటే దాదాపు రెండు వందల ఏళ్ళు తక్కువ. అయినా చక్రమే ఎక్కువ చెదిరిపోయింది. రాళ్ళు ఒకే రకం, వాన ఒకటే, సున్నం కొట్టిన చరిత్రా ఒకటే. తేడా ముఖ్యంగా రంగు గోడకు ఎలా అంటుకుందన్న దగ్గర ఉంది. జిగురు కుళ్ళుతుంది, బూజు తింటుంది, చెమ్మకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. జిగురు పోతే రంగు పొడిలా మిగులుతుంది, చేతి వేలు తగిలితే చాలు. రెండో తేడా పైకప్పు. చాన్సెల్ మీద రాతి కమాను, నేవ్ మీద కలప. కలప కప్పు పెంకు ఒక్కటి జారినా నీళ్ళు గోడ నెత్తి మీదికే వస్తాయి.

అందుకే నేవ్ బొమ్మల్ని చాన్సెల్ బొమ్మలతో పోల్చి "ఇవి మామూలువి" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఊరి జనం నిలబడింది నేవ్‌లో. పుట్టి, పెరిగి, ముసలితనం వచ్చి పోయే ఆ చక్రం వాళ్ళ కళ్ళ ఎదురుగా ఉండేది. చాన్సెల్ క్రీస్తు నేవ్‌లో నిలబడ్డవాళ్ళకు కమాను అడ్డు వల్ల పూర్తిగా కనిపించేవాడు కాదు. సంరక్షణలో డబ్బు పంచేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి. చెదిరిన బొమ్మకే ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక కావాలి.

సున్నం కింద మూడు వందల ఏళ్ళు

16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రోమ్ చర్చి నుంచి విడిపోయింది. ముఖ్యంగా 1547 నుంచి 1553 వరకు ఏలిన ఆరవ ఎడ్వర్డ్ రాజు కాలంలో చర్చిల్లో బొమ్మలు, విగ్రహాలు ఉండకూడదని ఆజ్ఞలు వచ్చాయి. దేశమంతటా విగ్రహాలు పగిలాయి, గోడలకు సున్నం పడింది. కెంప్లీ గోడలకూ పడింది. భక్తిగా చూసిన బొమ్మల్ని అలా చెరిపేయడం ఆ పల్లె జనానికి ఎంత బాధగా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఫలితం మాత్రం సున్నం కొట్టించినవాళ్ళు ఊహించనిది. సున్నం మీద సున్నం చక్కగా కలిసిపోతుంది. గాలి ఆడనిస్తుంది, చెమ్మను రానిస్తుంది, పోనిస్తుంది. కొవ్వొత్తుల పొగ, దుమ్ము, చేతుల రాపిడి అన్నీ పై సున్నం మీద పడ్డాయి. ఏళ్ళు గడిచేకొద్దీ దాని మీద మళ్ళీ మళ్ళీ కొట్టారు. కింద ఉన్న ఫ్రెస్కో ఆ పొరల కింద దాగింది.

19వ శతాబ్దంలో ఇంకో ప్రమాదం వచ్చింది. పాత చర్చిలను "బాగు చేయాలనే" ఉత్సాహం ఇంగ్లండ్‌ అంతటా లేచింది. రాయి అందంగా కనబడాలని పాత సున్నపు పూతలను గీకి పారేశారు. ఆ పూతలతో పాటు ఎన్ని బొమ్మలు పోయాయో లెక్క కట్టే దారి లేదు. ఈ గీకుడును ఆపడానికే కవి, కళాకారుడు విలియం మారిస్, ఆయన మిత్రులు 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టారు. కెంప్లీ సెయింట్ మేరీ ఆ ఉత్సాహం నుంచి చాలావరకు తప్పించుకుంది. తర్వాత ఊళ్ళో ఇళ్ళకు దగ్గరగా 1903లో రాండల్ వెల్స్ అనే ఆర్కిటెక్ట్ కొత్త చర్చి కట్టాడు. దాంతో పాత చర్చిని పెద్దది చేయాల్సిన అవసరం, లోపల హీటర్లు పెట్టాల్సిన అవసరం రాలేదు.

1872: లక్క

ఆ సంఘం పుట్టడానికి అయిదేళ్ళ ముందే, 1872లో, కెంప్లీ చాన్సెల్‌లో సున్నం పొరల కింద బొమ్మలు ఉన్నాయని తెలిసింది. పొరలను తీశారు. ఏడు వందల ఏళ్ళ నాటి రంగులు బయటపడ్డాయి. అవి మళ్ళీ పాడవుతాయనే భయంతో వాటి మీద షెల్లాక్ వార్నిష్ పూశారు.

షెల్లాక్ అంటే లక్క. మోదుగ, కుసుమ్, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కార్చే జిగురు. ఇంగ్లండ్‌కు అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. దాన్ని స్పిరిట్‌లో కరిగించి పూస్తే గంటల్లో ఆరి, గాజులా మెరుస్తుంది. వెలిసిన రంగు చటుక్కున నిండుగా కనిపిస్తుంది. పూసిన రోజు చూసినవాళ్ళందరికీ పని అద్భుతంగా చేశారనే అనిపించి ఉంటుంది. ఈ మందులోని మోసం అక్కడే ఉంది.

సున్నపు గోడ చెమ్మను పీలుస్తుంది, వదులుతుంది. నేల నుంచి, పైకప్పు నుంచి, లోపలి గాలి నుంచి ఆ చెమ్మ వస్తూనే ఉంటుంది. అది లోపలి ముఖం నుంచి ఆవిరిగా పోవాలి. పోయేటప్పుడు తనతో తెచ్చిన లవణాలను అక్కడ వదిలేస్తుంది. ముఖం మీద లక్క పొర ఉంటే ఆవిరికి దారి మూసుకుపోతుంది. లవణాలు పొర వెనక స్ఫటికాలుగా పెరుగుతాయి. పెరిగే స్ఫటికం పొరను, దానికి అంటుకున్న రంగును కలిపి బయటికి నెడుతుంది. దానికి తోడు లక్క తానూ మారుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, మసకబారుతుంది, మొదట్లో కరిగించిన స్పిరిట్‌కే ఇక కరగదు. అంటే తీయాల్సిన రోజు వచ్చేసరికి తీయడం చాలా కష్టమవుతుంది. కెంప్లీలో జరిగింది అదే. వార్నిష్ నల్లబడి, కింద ఉన్న బొమ్మ కనబడకుండా పోయింది.

దీన్ని ఒక్క కెంప్లీ తప్పుగా చూడకూడదు. ఆ కాలంలో ప్రపంచమంతా ఇలాగే ఆలోచించింది. మనకు దగ్గరి ఉదాహరణ అజంతా. 1920, 1922 మధ్య, అజంతా హైదరాబాదు నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, రాష్ట్ర పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఇటలీ నుంచి లోరెంజో చెకోని, కౌంట్ ఓర్సినీలను పిలిపించారు. ఊడిపోతున్న పూతను బిగించడంలో వాళ్ళు చేసిన పని ఎంతో విలువైనది. గోడకు పట్టు తప్పిన పెళ్ళలు ఈరోజు ఉన్నాయంటే అందులో వాళ్ళ చేతి పని ఉంది. కానీ అక్కడా లక్క వాడారు. అక్కడా అది పసుపుబారి నల్లబడింది. తర్వాత భారత పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్ళు దశాబ్దాల పాటు ఆ పొరను తీస్తూ వచ్చారు. అజంతా బొమ్మలు ఆరిన పూత మీద జిగురు రంగుతో వేసినవి. కాబట్టి అక్కడ లక్కను కరిగించే ద్రావకం కింద రంగునూ కదిలించే ప్రమాదం ఉంది. కెంప్లీ చాన్సెల్‌కు ఆ ప్రమాదం తక్కువ, రంగు సున్నంలో బిగుసుకుని ఉంది కాబట్టి.

ఇంగ్లండ్‌లో లక్క తర్వాత మైనం వంతు వచ్చింది. 20వ శతాబ్దం మొదటి సగంలో ప్రొఫెసర్ ఇ. డబ్ల్యూ. ట్రిస్ట్రమ్ ఆ దేశపు మధ్యయుగ గోడ బొమ్మలను ఊరూరా తిరిగి నమోదు చేశాడు. ఆయన తీసిన నకళ్ళు లేకపోతే చాలా బొమ్మల గురించి మనకేమీ తెలిసేది కాదు. ఆయనే చాలా చర్చిల్లో బొమ్మల మీద మైనం పట్టించాడు. ఆ మైనమూ చెమ్మను ఆపింది, దుమ్మును పట్టుకుంది, తర్వాతి తరం దాన్ని తీయడానికి ఏళ్ళు వెచ్చించింది. పెద్ద పండితుడు, ఆ బొమ్మలంటే ప్రాణం పెట్టినవాడు. ఆయన దృష్టి అంతా బొమ్మ మీదే ఉంది, గోడలో నడిచే నీళ్ళ మీద లేదు.

1955, ఆ తర్వాత

1955లో కెంప్లీ చాన్సెల్ మీద లక్కను తీశారు. ఇప్పుడు మనం చూస్తున్న రంగులు ఆ శుభ్రత తర్వాతివి. ఆ తర్వాత అక్కడి సంరక్షణ ధోరణి నాకు చాలా నచ్చుతుంది. మెరుపు కోసం ఏదీ పూయలేదు. పోయిన ముఖాలను మళ్ళీ గీయలేదు. ఖాళీ ఉన్నచోట ఖాళీ కనబడుతుంది. చర్చి ఇప్పుడు పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ సంరక్షణలో ఉంది. టికెట్ లేకుండా ఎవరైనా లోపలికి వెళ్ళి చూడవచ్చు.

లోపల చలిగా ఉంటుంది. చర్చిల్లో ఆదివారం పూట మాత్రమే హీటరు వేస్తే ఏం జరుగుతుందో మా పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. గాలి చటుక్కున వేడెక్కి గోడ ముఖం ఆరుతుంది, లవణాలు స్ఫటికాలవుతాయి. సోమవారం చల్లబడి అవి మళ్ళీ కరుగుతాయి. వారం వారం ఇదే జరిగితే ఫ్రెస్కో అయినా పొడి రాలుస్తుంది. వసంతకాలంలో బయటి గాలి వెచ్చగా, తేమగా ఉన్న రోజున తలుపులు బార్లా తెరిచి ఉంచినా ఇబ్బందే. ఆ గాలి చల్లని రాతి గోడను తాకి నీటి బొట్లుగా మారుతుంది. నిలకడగా ఉన్న చలి మనిషికి ఇబ్బంది కావచ్చు గాని బొమ్మకు ఎంతో మంచిది.

అలాంటి కట్టడంలో పని చేసేవాళ్ళు మొదట చూసేది బొమ్మ కాదు. పైకప్పు పెంకులు, నీళ్ళు జారే తూములు, గోడ చుట్టూ నేల మట్టం, అది గోడ వైపు వాలిందా, అవతలికి వాలిందా అన్నది. బయటి పూత సున్నమా, ఎవరైనా ఎప్పుడైనా సిమెంటు కలిపారా అన్నది. ఆ తర్వాత లోపలికి వచ్చి, పక్క నుంచి వాలుగా లైటు వేసి, ఎక్కడ పూత ఉబ్బిందో, ఎక్కడ తట్టితే బోలు శబ్దం వస్తుందో గీసుకుంటారు. బొమ్మ మీద చెయ్యి వేయడం అన్నిటికంటే చివరి పని.

మా దగ్గర పని

రాయలసీమలో ఒక గుడి మండపం కప్పు మీద విజయనగర కాలం నాటి బొమ్మలు మసి పట్టి, ఒక మూల తెల్లగా ఉప్పు పూసి ఉన్నాయి. అంచనా వేయడానికి వెళ్ళినప్పుడు ఊరి పెద్ద ఒకాయన అడిగారు: "సార్, పైన ఒక కోటు వార్నిష్ కొట్టిస్తే బొమ్మలు మెరుస్తాయి కదా? ఖర్చు మేమే చందాలేసుకుంటాం." ఆయన మాటలో గుడి మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. "పెద్దయ్యా, ముందు మిద్దె ఎక్కి చూద్దాం రండి" అన్నాను.

పైన చూస్తే విషయం అర్థమైంది. రాతి పలకల అతుకుల మీద పాత గచ్చు పగిలి ఉంది. పగుళ్ళ మీద ఎప్పుడో సిమెంటు కాంక్రీటు పోశారు. అది ఎండకు పలకలతో సమానంగా సాగదు, కుంచించుకోదు. అంచుల్లో సన్నగా విడిపోయి, ఆ సందుల్లోంచి వాన నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. పైన పరిచిన కాంక్రీటు వల్ల ఆ నీళ్ళు పైకి ఆరే దారి లేదు. కింద బొమ్మ ముఖం నుంచే పోవాలి. ఉప్పు పూసిన మూల సరిగ్గా ఆ అతుకు కింద ఉంది. అక్కడే ఆయనకు కెంప్లీ కథ చెప్పాను. మన దేశపు లక్క అంత దూరం వెళ్ళి ఏం చేసిందో, దాన్ని తీయడానికి ఎంత కాలం పట్టిందో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే చందా డబ్బులు మిద్దెకే పెడదాం" అన్నారు.

లేపాక్షి లాంటి చోట్ల కూడా రాతి పలకల కప్పు అడుగున బొమ్మలు ఉన్నంతకాలం ప్రమాదం పైనుంచే ఎక్కువ. అక్కడి బొమ్మలు కూడా ఆరిన సున్నపు పూత మీద జిగురు రంగుతో వేసినవని నిపుణులు చెబుతారు. అంటే మన పరిస్థితి కెంప్లీ చాన్సెల్‌ది కాదు, నేవ్‌ది. నీళ్ళను తట్టుకునే శక్తి తక్కువ. చాన్సెల్ ఫ్రెస్కో మీద లక్కను కరిగించి తీయగలిగారు కదా అని మన మండపం కప్పు మీద అదే ద్రావకంతో మొదలుపెడితే రంగు దూదితో పాటు వచ్చేస్తుంది.

కాబట్టి ఆ మండపంలో మేము ఎంచుకున్న వరస ఇది. ముందు మిద్దె మీద సిమెంటును జాగ్రత్తగా తీసేశాం. డంగు సున్నంలో ఇటుక పొడి కలిపి, కరక్కాయ, బెల్లం నీళ్ళతో గచ్చు మళ్ళీ వేయించాం. నీళ్ళు నిలవకుండా వాలు సరిచేశాం. వానకాలం మొత్తం గడిచాక, కప్పు అడుగున తేమ తగ్గిందని కొలిచి చూసుకున్నాకే పరంజా ఎక్కాం. పైకి పొడిలా వచ్చిన ఉప్పును మెత్తటి కుంచెతో దులిపాం. పట్టు వదిలిన పూత వెనక సన్నటి సూదితో సున్నపు పాలు ఎక్కించి బిగించాం. మసిని ఒక మూల చిన్న చోట పరీక్షించి, రంగు కదలడం లేదని తేలిన మేరకే తీశాం. ఎక్కడ కదిలిందో అక్కడ మసిని అలాగే ఉంచేశాం. వార్నిష్ వేయలేదు. ఇప్పుడు ప్రతి వానకాలం చివర ఊరి కుర్రాళ్ళు మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేసి, అతుకుల ఫొటోలు పంపిస్తున్నారు. ఉప్పు పూసిన మూల ఫొటోలు పాతవాటి పక్కన పెట్టి చూస్తున్నాను. తెల్లటి పొడి మళ్ళీ రాలేదు. ఆ మూలలో రంగు పోయిన చోటు మాత్రం పోయినట్టే ఉంది, దాన్ని నింపే ఆలోచన లేదు.